సగం బల్ల ఎవరిది?

లాండ్రీ వెనక వీధి, మేడమీద గది
ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నేను క్షేమం. నువ్వూ, మరదలూ, పిల్లా క్షేమమని తలుస్తాను.

నాలుగు గంటల బస్సు దూరంలో ఉండి, చేతిలో ఫోను పెట్టుకుని, ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లని నమ్మడం మానేసి వారమైంది. కిందటి గురువారం మా యూనియన్ గుంపులో "కడ్డీ సంగతి తేలేదాకా రెండో షిఫ్టు రోలరు ముట్టుకోదు" అని మెసేజ్ పెట్టాను. మర్నాడు పొద్దున్నే నవ్వుల మేనేజరు గేటు దగ్గర ఎదురై, "ఏమ్మా, రెండో షిఫ్టు రోలరు ముట్టుకోదట కదా!" అన్నాడు. అక్షరం పొల్లుపోలేదు. ఆయన పుట్టుకతోనే నవ్వుతున్నాడు కాబట్టి ఆ నవ్వు మీద నాకు పట్టింపు లేదు. ఆ "అట" మీద ఉంది. ఎవరు మోశారు ఆ "అట"ని?

నా ఫోను తీసుకెళ్ళి యూనియన్ గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక నీకూ నాకూ కాగితమే.

అసలు సంగతి. నువ్వు బాగుచేసి ఇచ్చిన లాప్‌టాప్ పేచీ పెడుతోంది. "మెమరీ తక్కువగా ఉంది, ఫైళ్ళు దాచుకుని ప్రోగ్రాములు మూసేయండి" అని పసుపు రంగు పెట్టె ఒకటి లేచి కూర్చుంటోంది. మూస్తే పోతుంది, గంటకి మళ్ళీ లేస్తుంది. నిన్న ఆ పెట్టె కూడా లేవకుండా రిపోర్టు దానంతటది మూసుకుపోయి మూడు పేజీలు గాల్లో కలిసిపోయాయి. మార్చి 18న లేబరు ఆఫీసరు ముందు విచారణ. నవంబరులో మా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు ఒక మనిషి కుడిచేతి వేళ్ళు మూడు తీసుకుంది. చెయ్యి దగ్గరికొస్తే మిషను ఆపాల్సిన కడ్డీ పనిచెయ్యలేదు. కంపెనీ మాత్రం "కార్మికురాలి అజాగ్రత్త" అని రాసి చేతులు కడుక్కుంది. ఇంకా పది వేళ్ళూ ఉన్న చేతులు కాబట్టి కడుక్కోవడం సులువు.

మాకున్న ఒకే ఒక్క ఆధారం ఫిర్యాదుల పుస్తకంలో ఒక పేజీ. కడ్డీ చెడిందని ప్రమాదానికి మూడు వారాల ముందే అందులో రాసి ఉంది. రాసింది గేటు గదిలో హాజరు వేసే మనిషి. నిమిషం ముందు రాడు, నిమిషం తర్వాత పోడు కాబట్టి అందరం గడియారం అంటాం. ఆయన మా కమిటీలోనూ ఉన్నాడు. లాప్‌టాప్ రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని ఆ పేజీ స్కాన్ చేసి ఎక్కించిపెట్టాడు. విచారణలో "ఈ దస్తూరీ నాదే" అని చెప్పడానికి ఒప్పుకున్నాడు కూడా.

కంపెనీ భయానికి నేను నెట్ ఆదివారం పూట గంటసేపే కలుపుతున్నాను. మిగతా వారమంతా తీగ పీకేసే ఉంటుంది. అయినా ఈ పెట్టె ఏమిటి? వెంటనే రాయి.

అక్క


రిపేరు కొట్టు, బస్టాండు ఎదురు
ఫిబ్రవరి 8

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇరవయ్యేళ్ళ తర్వాత నీ దస్తూరీ చూశాను, అప్పటికీ ఇప్పటికీ మారింది లేదు. అక్షరాలు కూడా ఊరేగింపుకి బయల్దేరినట్టే ఉంటాయి.

కంగారు పడాల్సిందేమీ లేదు. మెమరీ అంటే నువ్వు పనిచేసుకునే బల్ల అనుకో. డిస్కు అంటే బీరువా. నీ బీరువా నిండా చోటుంది, బల్లే చిన్నది. తెరిచిన ప్రతి ఫైలూ బల్ల మీదికొస్తుంది. నువ్వేమో ఒకటి మూయకుండా ఇంకోటి తెరుస్తావు. అది నీ చిన్నప్పటి జబ్బు, ఒక పోట్లాట ముగియకుండా ఇంకోటి మొదలుపెట్టడం.

వాంగ్మూలాల ఫోటోలన్నీ రిపోర్టులోనే అంటించకు, విడిగా పెట్టుకో. పని అయిపోయిన కిటికీలు మూసెయ్యి. రోజుకొకసారి పూర్తిగా ఆపి మళ్ళీ వెలిగించు. ఐదు నిమిషాలకొకసారి ఫైలు దాచుకో. ఇంకో మాట, నెట్ తీగ పీకకు. రోజంతా కలిపే ఉంచు, దాని పనులు అది చేసుకుంటుంది.

ఇవన్నీ నీకు తలనొప్పి అనిపిస్తే పార్సిల్ చేసి పంపించెయ్. రెండు రోజుల్లో శుభ్రం చేసి తిప్పి పంపుతాను. నిజానికి అదే మంచిది.

తమ్ముడు


మేడమీద గది
ఫిబ్రవరి 13

తమ్ముడూ,

నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఫోటోలు విడదీశాను, కిటికీలన్నీ మూశాను, ఆపి వెలిగించాను. పొద్దున బల్ల ఖాళీ. పదింటికల్లా సగం నిండిపోయింది. నేను ఒక్క ఫైలే తెరిచాను, అదీ రిపోర్టు. మధ్యాహ్నానికి మళ్ళీ పసుపు పెట్టె. నేను తెరవకుండా నా బల్ల మీద సామాను పెడుతున్నదెవరు?

మా వీధి చివర ఫోటోకాపీ కొట్టావిడ ఉంది. మాట తక్కువ, పని ఎక్కువ. రెండు మీటలు కలిపి నొక్కి ఒక జాబితా తీసింది. ఎవరెవరు ఎంత మెమరీ తింటున్నారో అందులో ఉంటుందట. నా రిపోర్టు తినేది గుప్పెడు. పైన ఒకటుంది, మూడు అక్షరాలూ ఒక అంకె, దానికో అర్థమూ లేదు, పాడూ లేదు. అది ఒక్కటే సగం పైగా మింగి కూర్చుంది. "ఇదేంటండీ?" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టి, "ఇది నేనెక్కడా చూడలేదు. మీ ఇంటి మనిషి కాదు ఇది" అంది.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. సగం బల్ల ఎవరిది?

ఇంకోటి కూడా. నెట్ రోజంతా కలిపి ఉంచమని ఎందుకన్నావు? దానికీ మెమరీకీ ఏం సంబంధం? నిన్ను తప్పుబట్టడం లేదురా. ఈ మధ్య నాకు అందరి మాటలకీ వెనకవైపు తిప్పి చూడటం అలవాటైంది. ఎందుకు కాదూ? రోలరు గదిలో ఈ నెల నాలుగు కెమెరాలు పెట్టారు. కడ్డీ బాగుచెయ్యడానికి నాలుగు నెలలుగా సామాను దొరకలేదట, కెమెరాలు మాత్రం నాలుగు రోజుల్లో దొరికాయి. మేనేజరు మమ్మల్నందర్నీ నిలబెట్టి నవ్వుతూ చెప్పాడు, "ఇదంతా మీ క్షేమం కోసమేనమ్మా" అని. వేళ్ళు తెగకుండా ఆపేది అక్కర్లేదు, తెగుతుంటే చూసేది కావాలి. వాళ్ళ దృష్టిలో క్షేమమంటే అది.

పార్సిల్ మాట ఎత్తకు. ముప్ఫయ్యొక్కమంది వాంగ్మూలాలున్నాయి ఇందులో. ఈ మిషను నా చెయ్యి దాటదు.

అక్క


రిపేరు కొట్టు
ఫిబ్రవరి 17

అక్కా,

ఆ పేరు చూసి భయపడకు. అలాంటివి పాతిక ఉంటాయి లోపల, అన్నీ సిస్టం తాలూకువే. ముట్టుకుంటే మొత్తం మొరాయిస్తుంది. ఫోటోకాపీ ఆవిడ ఫోటోకాపీలు చూసుకుంటే బాగుంటుంది. నెట్ కలిపితే అప్‌డేట్లు దిగుతాయి, అందుకన్నాను, అంతకుమించి ఏం లేదు. ఆదివారం గంట కాకుండా రోజూ గంట కలిపి చూడు. బరువు తగ్గకపోతే అడుగు.

నీకు ప్రతిదానిలోనూ మేనేజరే కనిపిస్తున్నాడు అక్కా. కొన్ని వాటంతటవే చెడిపోతాయి. పాత మిషను, పాత బ్యాటరీ.

అసలు మిషను గోల వదిలి రిపోర్టు మీద కూర్చో. మొదటి రెండు పేజీలూ ఉపన్యాసం. ఆఫీసరు అక్కడే నిద్రపోతాడు. వేళ్ళు పోయిన ఆ చెల్లెలు చెప్పిన మాటే మొదటి వాక్యంగా పెట్టు: "రోలరు ఆగలేదు, నేనే ఆగిపోయాను." దాని తర్వాత నువ్వేం రాసినా చదువుతారు.

తమ్ముడు


మేడమీద గది
ఫిబ్రవరి 23

తమ్ముడూ,

నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను.

దొంగ దొరికాడు.

నువ్వు పొరబడ్డావు. ఫోటోకాపీ ఆవిడే గెలిచింది. అది సిస్టంది కాదు. పది నిమిషాలకొకసారి నా తెరని ఫోటో తీస్తోంది! నెట్ ఉన్నప్పుడు ఆ ఫోటోలు ఎక్కడికో పోతాయి. లేనప్పుడు పంపే దారిలేక తనలోనే పోగుచేసుకుంటుంది. అందుకే బల్ల నిండుతోంది. నేను భయపడి తీగ పీకిన కొద్దీ అది ఉబ్బుతోందన్నమాట. ఆవిడ నాకు చూపించింది. నా రిపోర్టు పేజీలు వరసగా, నేను కొట్టేసిన వాక్యాలతో సహా.

ఎవరు పెట్టారు? ఈ మిషను నా చెయ్యి దాటింది ఒక్కసారే. రెండు రోజులు గడియారం గదిలో ఉంది. ఆ గదికీ మేనేజరు గదికీ మధ్య ఒక చెక్క గోడ. లెక్క తేలిపోలేదా?

శనివారం సాయంత్రం షిఫ్టు దిగాక కమిటీ కూర్చుంది. నేనే చెప్పాను. ఎలా చెబుతానో నీకు తెలుసు, మొదలుపెట్టాక ఆగను. "మన మధ్య కూర్చుని మన మాటలు అటు మోసే మనిషి ఉన్నాడు" అన్నాను. గడియారం చేతిలో కలం అలాగే ఉండిపోయింది. "నేనెందుకు చేస్తాను అమ్మా? ఆ పేజీ తెచ్చిందే నేను కదా" అన్నాడు. "నమ్మించడానికే తెచ్చావు" అన్నాను. ఎవరో పక్కనుంచి, "అన్నా, ముల్లు ఎప్పుడూ ఒకవైపే ఉండదుగా" అని వెటకారం చేశారు. ఓటుకి అందరూ చేతులెత్తారు. కమిటీ నుంచి తీసేశాం.

ఆయన లేచి గోడకున్న గడియారం చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "ఇంక నన్ను ఏ విచారణకీ పిలవకండి. దొంగ సాక్ష్యానికి విలువుండదు కదా" అన్నాడు.

ఆ పేజీ నిజమైనదని ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. అయినా శత్రువు చేతి సాక్ష్యం మీద నిలబడటం కంటే... ఈ వాక్యం ఎలా ముగించాలో తెలియలేదు. నేను చేసింది సరైనదేనా? సరైనదే. ఎందుకంటే ఇంకెవరున్నారు?

ఆ ప్రోగ్రామును తీయలేదు, రుజువుగా ఉంచాను. నెట్ తీగ కత్తెరతో కత్తిరించేశాను.

అక్క


రిపేరు కొట్టు
ఫిబ్రవరి 27

అక్కా,

తొందరపడ్డావు. పెట్టింది ఆయనేనని ఎవరైనా చూశారా? రెండు రోజులు దగ్గరుంటే పెట్టినట్టేనా? ఇలాంటివి ఎన్నో రకాలుగా వస్తాయి, ముందు నుంచే ఉండి ఉండవచ్చు.

నువ్వింక ఎవరితోనూ ఏమీ అనకు. ఆ ఫోటోకాపీ ఆవిడ చేతికి మిషను ఇవ్వకు. కొట్టు కట్టేసి నేనే వస్తాను, దాన్ని తీసి శుభ్రం చేస్తాను. తర్వాత ఆయనకి ఏదో ఒకటి చెప్పి సర్దుబాటు చేద్దాం. సిస్టం తప్పని చెప్పవచ్చు.

తమ్ముడు


మేడమీద గది
మార్చి 3

తమ్ముడూ,

నేను ఎలా ఉన్నానో ఈసారి రాయను. ఎందుకో చివర చెబుతాను.

నీ చివరి ఉత్తరం రెండుసార్లు చదివాను. "ముందు నుంచే ఉండి ఉండవచ్చు." ముందు నుంచి అంటే ఎప్పట్నుంచి? గడియారం కంటే ముందు ఈ మిషను ఎవరి చేతిలో ఉంది?

నీ ఉత్తరాలన్నీ తీసి మంచం మీద వరసగా పరిచాను. ఫోనులో అయితే ఎప్పుడో పైకి జరిగిపోయి ఉండేవి. కాగితం ఎక్కడికీ పోదు, పరిస్తే పడుకుంటుంది.

ఒకటి. నెట్ కలిపి ఉంచమన్నావు, రెండుసార్లు. కలిపితే బరువు తగ్గుతుందని నీకు ముందే తెలుసు. ఫోటోకాపీ ఆవిడకి అది కనిపెట్టడానికి ఒక పూట పట్టింది.

రెండు. పార్సిల్ చెయ్యమన్నావు. వద్దన్నాక నువ్వే వస్తానన్నావు. ఏటా రమ్మంటే కొట్టు వదిలి రాలేనంటావు.

మూడు. "రోలరు ఆగలేదు, నేనే ఆగిపోయాను." ఆ మాట ఆమె నాతో ఆసుపత్రి మెట్ల మీద చెప్పింది. నేను ఒక్కచోటే రాశాను, ఈ లాప్‌టాప్‌లో, పద్నాలుగో పేజీలో. నా ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు. నువ్వు ఎక్కడ చదివావురా? మొదటి రెండు పేజీలు ఉపన్యాసమని నీకెవరు చెప్పారు?

నాలుగోది చూశాక ఏడుపొచ్చింది. చిన్నప్పుడు పోస్టుకార్డు రాయడం నీకు నేర్పింది నేనే. ముందు మన క్షేమం, తర్వాత వాళ్ళ క్షేమం, ఆ తర్వాతే సంగతులు. ఆ రెండు ముక్కలూ లేకపోతే చెవి మెలేసేదాన్ని. ఇప్పుడు నువ్వు రాసిన మూడు ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ "ఎలా ఉన్నావు అక్కా" అని లేదు. కొట్టు పనిలో తొందరనుకున్నాను. కాదు. తెలిసినవాడు అడగడు. నేనెలా ఉన్నానో నువ్వు చూస్తూనే ఉన్నావు కాబట్టి అడగలేదు.

అవునా, కాదా? ఒక్క మాటలో రాయి.

అక్క


రిపేరు కొట్టు
మార్చి 6

అక్కా,

అవును.

ఒక్క మాటలో రాయమన్నావు గానీ ఒక్క మాటతో నాకు కుదరదు. రెండేళ్ళ కిందట నువ్వు స్నానాల గదిలో జారిపడి ఒకటిన్నర రోజు నేల మీదే ఉన్నావు. కింద వాటావాళ్ళకి నీళ్ళు కారుతున్నాయని తలుపు పగలగొడితే తెలిసింది. నేను వచ్చేసరికి నువ్వు మంచం మీద కూర్చుని, "ఎవరికీ చెప్పకు, కమిటీ నన్ను మూల కూర్చోపెడుతుంది" అన్నావు. ఆ తర్వాత నెల రోజులు నాకు నిద్ర లేదు. పొద్దున ఫోను చేస్తే, "బతికే ఉన్నానులే, పెట్టెయ్" అనేదానివి. రెండోసారికి ఎత్తేదానివే కాదు.

మా కొట్టు నుంచి వెళ్ళే మిషన్లలో దూరం నుంచి సాయం చేసే ప్రోగ్రాం ఒకటి పెడతాను. అందరికీ చెప్పి, సంతకం తీసుకుని పెడతాను. నీకొక్కదానికే చెప్పకుండా పెట్టాను. అడిగితే ఒప్పుకోవని తెలుసు. మొదట్లో మిషను వెలిగిందా లేదా అన్నది మాత్రమే చూసేవాణ్ణి. వెలిగితే, అక్క లేచింది అనుకుని కొట్టు తెరిచేవాణ్ణి. తర్వాత ఫోటోల మీట కూడా నొక్కాను. నువ్వు రాసేది చదవడం అలవాటైంది. బాగా రాస్తావు అక్కా. నీ మరదలికి కూడా చెప్పలేదు.

నువ్వు నెట్ ఆదివారానికి కుదించాక వారమంతా గుడ్డివాణ్ణయ్యాను. తీసెయ్యాలనుకున్నాను. తీసేస్తే ఆదివారం కూడా తెలియదని ఆగిపోయాను. ఇంతలో నువ్వు ఆ మనిషి పేరు ఎత్తావు. అప్పుడు చెప్పాల్సింది. కలం పట్టుకున్నాను కూడా. భయపడ్డాను.

ఒక్కటి అడుగుతున్నాను. అందరి ముందూ నా పేరు పెట్టకు. బస్టాండు చుట్టుపక్కల వాళ్ళంతా నన్ను నమ్మి మిషన్లు ఇస్తారు. సొంత అక్క తెర చూశాడంటే మాది చూడడా అంటారు. కొట్టు మూతపడుతుంది. ఏదో సాంకేతిక లోపమని ఆయనకి నచ్చజెప్పు. నేను చేసిందంతా నీ క్షేమం కోసమే.

తమ్ముడు


మేడమీద గది
మార్చి 9

తమ్ముడూ,

"నీ క్షేమం కోసమే." ఈ మాట ఇంతకుముందు ఎక్కడ విన్నానో ఫిబ్రవరి 13 నాటి నా ఉత్తరంలో ఉంది, తీసి చూసుకో. నవ్వు ఒక్కటే తక్కువ.

నువ్వు ప్రేమతో చేశావు, ఆ మేనేజరు లాభం కోసం చేశాడు, రెండూ ఒకటెలా అవుతాయంటావు. తెర ఇవతల కూర్చున్నదానికి ఒకటే. ఆడదాని మీద కాపలా పెట్టిన ప్రతివాడూ ప్రేమ పేరే చెప్పాడు. నాన్న చెప్పాడు, మీ బావ చెప్పాడు, ఆయన్ని వదిలేసి వచ్చినరోజు ఊరంతా చెప్పింది. నువ్వు మాత్రం చెప్పలేదు. "అక్క ఎక్కడికెళ్తే ఏం, దానికి దారి తెలుసు" అన్నావు. పదిహేడేళ్ళవాడివి. ఆ మాట పట్టుకుని ఇంతకాలం బతికాను రా. "నాకు భయమేస్తోంది అక్కా, ఏం చెయ్యమంటావు" అని నువ్వు అడిగి ఉంటే నేను తిట్టేదాన్ని. తిట్టాక ఏదో ఒక దారి చెప్పేదాన్ని. తిట్లు తప్పించుకోవడానికి నా తెర వెనక దూరావు.

సరే, నీ తప్పు నీది. నా తప్పు సంగతి చూడు. మా డిమాండ్లలో ఏడోది ఏమిటో తెలుసా? చదివే ఉంటావులే. "ఏ కార్మికుడి మీదనైనా చర్య తీసుకునే ముందు ఆరోపణ రాసివ్వాలి, జవాబుకి ఏడు రోజులు గడువివ్వాలి." పదేళ్ళుగా గేటు ముందు గొంతు చించుకుని అరిచింది ఈ మాటే. మా మనిషికి మేమిచ్చిన గడువు, నేను మాట్లాడి ఊపిరి పీల్చుకున్నంతసేపు. మేనేజరైనా ఒక నోటీసు ఇస్తాడు. ఆ మెసేజ్ బయటికి పోయిన సంగతికొస్తే, నూట నలభై మంది గుంపులో ఎవరైనా ఎవరికైనా చూపించి ఉండవచ్చు. అది నాకు ఆరోజే తోచాల్సింది. తోచలేదు. అనుమానం వచ్చినవాళ్ళకి తెలివి ఎక్కువైందనిపిస్తుంది, అదే దాని మాయ.

సాంకేతిక లోపమని నేను చెప్పను. లోపం మిషనుది కాదు, నీదీ నాదీ.

ఆదివారం పదింటికి యూనియన్ గదికి రా. గడియారం ముందు, కమిటీ ముందు, నీ నోటితో చెప్పు. ఉత్తరం పంపితే చదవను. రాకపోతే నేనే చెబుతాను, నా తమ్ముడని, కొట్టు ఎక్కడుందో గుర్తులతో సహా. కొట్టు పోతుందేమోనని నీ భయం. ఆయన పరువు పోయిందిగా, అదేమన్నా నీ కొట్టుకంటే చవకా? ఆయన బుధవారం విచారణకి రాకపోతే ఆ చెల్లెలి వేళ్ళు ఆమె అజాగ్రత్త కింద శాశ్వతంగా జమ అయిపోతాయి.

బస్సు ఐదున్నరకి ఉంది.

అక్క


మేడమీద గది
మార్చి 20

తమ్ముడూ,

ఆదివారం నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నీ చేతులు చూశాను. స్క్రూలు తిప్పీ తిప్పీ నాన్న చేతుల్లా అయ్యాయి. నువ్వు చెప్పాల్సింది చెప్పావు, వంకర లేకుండా. "మీరు కాదు, నేను" అని మొదలుపెట్టావు చూడు, అక్కడ నా కోపంలో సగం దిగింది. మిగతా సగం ఉంది. ఉంటుంది.

నువ్వు బస్సెక్కాక జరిగింది రాస్తాను.

గడియారం ఏమీ అనకుండా వెళ్ళిపోయాడని నువ్వు కుమిలిపోయావు. నేను వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాడు. "మీ తమ్ముడికి నిజం చెప్పడానికి మూడు వారాలు పట్టింది. చెప్పాడు, అది చాలు. మీ సంగతి నేను రాసుకున్నాను" అని ఆ చిన్న పుస్తకం తీశాడు. శనివారం, అయిదూ ఇరవై, ఆరోపణ. అయిదున్నర, తీర్మానం. కింద గీత. "ఇరవైరెండేళ్ళ సర్వీసమ్మా. పది నిమిషాలు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను క్షమించమన్నాను. "దానికీ ఏడు రోజులు గడువు ఇవ్వండి" అని తలుపు వేసుకున్నాడు. అది వెటకారమో, నిజంగా అన్నదో, నాకు ఇప్పటికీ తెలియదు.

బుధవారం పదింటికి విచారణ. తొమ్మిదీ యాభై దాకా రాలేదు. ఆ చెల్లెలు కుడిచెయ్యి చున్నీలో దాచుకుని తలుపు వైపే చూస్తోంది. కంపెనీ వకీలు, "ఈ పేజీ ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో" అని అప్పుడే రాగం తీస్తున్నాడు. సరిగ్గా పదింటికి, గోడ గడియారం ముల్లు కదులుతుండగా, మన గడియారం గుమ్మంలో. నా వైపు చూడలేదు. "ఆ దస్తూరీ నాది. అక్టోబరు 21, ఉదయం ఆరూ నలభై. కడ్డీ పనిచెయ్యడం లేదని రోలరు మనిషి చెప్పింది, నేను రాశాను, మేనేజరు చదివి సంతకం పెట్టాడు. నవ్వుతూ పెట్టాడు" అన్నాడు. ఆఫీసరు కలం పక్కన పెట్టి మేనేజరు వైపు చూశాడు. కొత్త కడ్డీ వేసేదాకా రోలరు ఆపమని అక్కడే ఆర్డరు రాశాడు. అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. ఆ చెల్లెలు ఎడమచేత్తో సంతకం పెట్టింది, ఇంకా వంకరగానే వస్తోంది. నిజమే, రిపోర్టు ఆమె మాటతోనే మొదలైంది. నువ్వు చెప్పావని కాదు, సరైన మాట కాబట్టి.

గడియారం కమిటీకి తిరిగి రాలేదు. రమ్మని అడిగాం, తల అడ్డంగా ఊపాడు. ఏడో డిమాండు మా సొంత నియమాల్లో కూడా చేర్చాం. ఆ కాగితం గేటు గదిలో ఇచ్చి వచ్చాను. మర్నాడు లాండ్రీలో నా సామాను పెట్టెలో ఉంది. ఆయన తేదీ ఒక్కటి దిద్దాడు. నేను తప్పు తేదీ వేశానట. దాన్నే సమాధానం అనుకుంటున్నాను. యూనియన్ కార్యదర్శి పదవి వదిలేశాను, ఇది త్యాగం కాదు, శిక్ష. మళ్ళీ దుప్పట్లు విడదీసే బల్ల దగ్గరికి వెళ్ళాను.

నీ ప్రోగ్రామును ఫోటోకాపీ ఆవిడ నా కళ్ళముందే తీసేసింది. ఇప్పుడు బల్ల మొత్తం నాది. పసుపు పెట్టె లేవడం లేదు. నీ దగ్గరున్న ఫోటోలు మరదలి ముందు కూర్చుని చెరిపెయ్. ఆమెకి చెప్పకుండా చెరిపితే లెక్కలోకి రాదు.

నీ భయం అబద్ధం కాదని నాకు తెలుసు. పడ్డాను. మళ్ళీ పడవచ్చు. అందుకని ఇలా చేద్దాం. కింద వాటా ఆవిడకి నా గది తాళంచెవి ఒకటి ఇచ్చాను. రోజూ పొద్దున ఏడింటికి నేను కిటికీ తలుపు తెరుస్తాను, తెరవకపోతే ఆవిడ పైకొస్తుంది. ఈ ఏర్పాటు నేను చేసుకున్నాను, నాకు తెలిసి చేసుకున్నాను. ఫోను కూడా బీరువాలోంచి తీశాను. నీకు ఎప్పుడు భయమేసినా చూడకు, అడుగు. తిడతాను. అయినా అడుగు.

అక్క


రిపేరు కొట్టు
మార్చి 24

అక్కా,

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోటోలు నీ మరదలి ముందే చెరిపాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు కాఫీ గ్లాసు గట్టిగా పెట్టింది, కాబట్టి దారిలోకి వస్తోంది.

నువ్వెలా ఉన్నావు? నడుము నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కగలుగుతున్నావా?

నిజంగా తెలియక అడుగుతున్నాను.

తమ్ముడు